గేట్‌కి చదివేవాళ్లు ఇంట్లో కూడా మౌస్‌తోనే లెక్కలు చేయండి

బెంగళూరు మారతహళ్లి పీజీల్లో ఉంటూ, ఉద్యోగం చేసుకుంటూ, ఐఐఎస్‌సీలో ఎంటెక్ కోసం గేట్ ప్రవేశ పరీక్షలో ఈసీ (ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్) పేపర్‌కి చదివే మనవాళ్లు చాలామంది చేతి క్యాలిక్యులేటర్‌తోనే సాధన చేస్తారు. పరీక్షలో అది ఉండదు, కీబోర్డూ పనిచేయదు. తెర మీది క్యాలిక్యులేటర్‌ని మౌస్‌తో నొక్కాలి. 3 గంటల్లో 65 ప్రశ్నలు. అక్కడ తడబడితే బాగా తెలిసిన లెక్కకే టైమ్ అయిపోతుంది.

గేట్ మాక్ టెస్ట్‌లో అదే క్యాలిక్యులేటర్ ఉంటుంది. రోజూ 20 నిమిషాలు, పాత పేపర్లలో అంకెతో జవాబిచ్చే ప్రశ్నలు ఐదారు దాంతోనే చేయండి. ఇందులో ముందు సంఖ్య, తర్వాత ఫంక్షన్: 30 నొక్కి సైన్, 100 నొక్కి లాగ్. మన అలవాటుకి తిరగేసి ఉంటుంది కాబట్టి రెండు వారాలైనా ఓపిక పట్టండి. మధ్యలో వచ్చిన విలువను కాగితం మీద రాసి మళ్లీ కొట్టకుండా ఎంఎస్ బటన్‌తో దాచి, ఎంఆర్ బటన్‌తో తెచ్చుకోండి. నాకు అన్నిటికన్నా ఎక్కువ టైమ్ మిగిల్చింది ఇదే, రౌండింగ్ తేడాలూ రావు. తెరవగానే క్యాలిక్యులేటర్ డిగ్రీల్లో ఉంటుంది. సిగ్నల్స్ లెక్కల్లో కోణం సాధారణంగా రేడియన్లలో వస్తుంది, సైన్ నొక్కే ముందు మోడ్ మార్చండి.

ఒక జాగ్రత్త: కాంప్లెక్స్ సంఖ్యలకు ఇది పనికిరాదు, అందులో 'జె' (మైనస్ ఒకటి వర్గమూలానికి గుర్తు) లేదు. ఇంపెడెన్స్ భాగహారాలు కాగితం మీద చేసి, చివర్లో మాగ్నిట్యూడ్, కోణం వరకే దాన్ని వాడండి.