విదేశాల్లో యానిమేషన్, వీఎఫ్‌ఎక్స్ చదవాలంటే: ముందు మీ రీల్ సంగతి తేల్చుకోండి

"అన్నా, ఒక్కసారి నా రీల్ చూడవా, రేపే లాస్ట్ డేట్." ఏటా నా వాట్సాప్‌కి ఇలాంటివి వస్తూనే ఉంటాయి. రీల్ అంటే ఇన్‌స్టాగ్రామ్‌ది కాదు, సీటు కోసం మీరు చేసిన మంచి షాట్లు కలిపి కాలేజీకి పంపే చిన్న వీడియో. లాస్ట్ డేట్ రేపు పెట్టుకుని ఈరోజు నేను చూస్తే ఏం లాభం? కనీసం ఆరు నెలల ముందు మొదలుపెట్టండి.

మొదట కోర్సు. బొమ్మలకు కదలిక ఇచ్చే యానిమేషన్ వేరు, తీసిన దృశ్యంలో కంప్యూటర్‌తో లేనిది చేర్చే వీఎఫ్‌ఎక్స్ వేరు. కెనడాలో షెరిడన్ కాలేజీ నాలుగేళ్ల యానిమేషన్ డిగ్రీకి చేత్తో గీసిన బొమ్మలు చూస్తుంది. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి గీయడం రాకపోతే మీ మాయా, బ్లెండర్ సాఫ్ట్‌వేర్లు అక్కడ అక్కరకు రావు. రోటో (షాట్‌లో మనిషినో వస్తువునో అంచు వెంట గీసి వేరుచేయడం), కంపోజిటింగ్ (వేర్వేరు దృశ్యాలను ఒకే షాట్‌గా కలపడం) ఇష్టమైతే ఆ కోర్సే వెతుక్కోండి.

తర్వాత కాగితాలు, డబ్బు. పాస్‌పోర్టు, ఐఈఎల్‌టీఎస్, మార్కుల మెమోలు అందరికీ తెలిసినవే. జర్మనీకైతే బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకు ఇంత అని మాత్రమే తీసుకోనిచ్చే ఖాతా) 2025 లెక్క ప్రకారం ఏడాదికి 11,904 యూరోలు చూపాలి. కెనడాలో చాలా ప్రైవేటు కాలేజీల్లో చదివితే ఆ తర్వాత వర్క్ పర్మిట్ రాదు. కన్సల్టెన్సీ వాళ్ల మాట నమ్మకుండా, ఫీజు కట్టకముందే కెనడా ప్రభుత్వ సైట్‌లో మీ కాలేజీ, మీ కోర్సు రెండూ చూసుకోండి.

ఇక రీల్. అందరూ బోల్తా పడేది ఇక్కడే.

నిమిషం చాలు. నిమిషంన్నర దాటితే నేను చూడను. నా మొదటి రీల్ నాలుగు నిమిషాలు. అందులో పన్నెండు సెకన్లు నా పేరే గిరగిరా తిరిగేది, వెనక సినిమా పాట. ఎక్కడా సీటు రాలేదు. మరుసటి ఏడు 55 సెకన్లకు కోసి పంపాను, వచ్చింది.

అన్నిటికంటే మంచి షాట్ మొదట పెట్టండి. బాగోలేని షాట్ ఒక్కటున్నా తీసేయండి. అది ఉంచారంటే మీకు మంచీ చెడూ తెలియదని చూసేవాళ్లు అనుకుంటారు. ఇన్‌స్టిట్యూట్‌లో బ్యాచ్ మొత్తం చేసిన ఆ రోబో, ఆ కారు వద్దే వద్దు.

ప్లేట్, అంటే ఏమీ కలపని అసలు వీడియో, మీరే షూట్ చేయండి. ఫోన్‌లో ఎక్స్‌పోజర్, ఫోకస్ లాక్ చేసి మీ వీధినే తీయండి. అందులో ఒక ఆటోనో బిందెనో సీజీలో (కంప్యూటర్‌లో తయారుచేసి) పెట్టండి. ఇక్కడ నలుపు చూడాలి. దూరంగా ఉన్న గోడ నీడ అసలు నల్లగా ఉండదు, దుమ్ముకీ ఎండకీ బూడిదరంగులోకి తేలుతుంది. మీ సీజీ నీడ మాత్రం కాటుకలా ఉంటే అతికించినట్టే కనిపిస్తుంది. ముందు నలుపు కలపండి, తర్వాత రంగు, చివర్లో గ్రెయిన్ (కెమెరా వీడియోలో కనిపించే సన్నని రేణువులు). ఈ వరుస మార్చొద్దు.

ఇదంతా న్యూక్ అనే కంపోజిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే చేయండి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లోనూ అవుతుందని వాదించేవాళ్లుంటారు. ఇరవై లేయర్లు దాటాక వాళ్లనే పిలిచి ఏది ఎక్కడుందో చూపించమనండి. న్యూక్ నాన్‌కమర్షియల్ వెర్షన్ ఉచితం, హెచ్‌డీ వరకు రెండర్ ఇస్తుంది. రీల్‌కు అంతకంటే ఏం కావాలి?

ప్రతి షాట్‌కీ బ్రేక్‌డౌన్ (అది ఎలా తయారైందో దశలవారీగా చూపడం) పెట్టండి: ఖాళీ ప్లేట్, రోటో, సీజీ, ఫైనల్. నలుగురు కలిసి చేసిన షాట్ అయితే మీ వంతు ఏదో తెరమీదే రాయండి. "రోటో మాత్రమే" అని రాయడానికి సిగ్గెందుకు? నాకు తెలిసిన కుర్రాడు షాట్ అంతా తనదేనన్నాడు. వెనకున్న గ్రీన్ స్క్రీన్ వల్ల జుట్టు అంచుల్లో పడ్డ పచ్చదనం ఎలా తీశావని ఇంటర్వ్యూలో అడిగేసరికి నోరు పెగల్లేదు.

చివరికి లింకు, పాస్‌వర్డ్ ఒకేచోట రాసి, మీ లాగిన్ లేని ఇంకొకరి ఫోన్‌లో తెరిచి చూశాకే పంపండి.