చెక్క సామాను ముక్కలకు జిగురు పెట్టకముందే పాలిష్ చేస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

కుసులకు (ముక్క చివర సన్నగా చెక్కిన నాలుకలకు), అవి దిగే బెజ్జాలకు మాస్కింగ్ టేప్ వేయండి. తెల్ల జిగురు పచ్చి చెక్కలోకి ఇంకితేనే పట్టు. వార్నిష్ మీద పూస్తే పొరలా ఆరి, బరువు పడగానే అతుకు ఊడుతుంది. అప్పుడు గీకి మళ్లీ అతికించడం పెద్ద తలనొప్పి.

జిగురు లేకుండా ఒకసారి మొత్తం బిగించి చూడండి. టేపు ఎక్కడిదాకా వేయాలో అప్పుడే పెన్సిల్‌తో గీసుకోవచ్చు. ముక్కల నంబర్లు మాత్రం కుసి మీదే రాయండి, బయట రాస్తే స్టెయిన్ (చెక్కకు పట్టించే రంగు) కింద కనిపిస్తూనే ఉంటాయి.

పక్కపక్కన అతికించే పలకలకు ముందే పాలిష్ చేసే ఈ పద్ధతి వద్దు. అతికాక ఎలాగూ చిత్రిక పట్టాలి, రంగు పోతుంది.

అదే చెక్క తుంటపై స్టెయిన్ వేసి, పైన వార్నిష్ కూడా పూసి చూడండి. వార్నిష్ పడ్డాకే అసలు రంగు తేలుతుంది.

అతుకు ఆరేదాకా బిగించి ఉంచే క్లాంపుల కింద చెక్క ముక్కలు పెట్టండి. పాలిష్ పైకి ఆరినట్టున్నా లోపల మెత్తగా ఉంటే అచ్చులు పడతాయి. పొంగిన జిగురును మాత్రం కంగారుగా తుడవకండి, కాస్త గట్టిపడ్డాక పాలిష్ మీంచి ఉలి అంచుతో ఇట్టే లేచి వస్తుంది.

లిన్సీడ్ (అవిసె) నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి పడేయకండి, వాటంతట అవే అంటుకుంటాయి. బయట విడివిడిగా ఆరేయండి.