గప్పీ చేపలను పెంచడం ఎలా? చేపల కంటే ముందు నీటిని సిద్ధం చేయాలి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఇళ్లకు గప్పీని మించిన అక్వేరియం చేప లేదు. దక్షిణ అమెరికా ఉత్తర ప్రాంతానికి చెందిన ఈ చేప దోమ లార్వాలను తింటుంది కాబట్టి మన దేశంలోనూ బావుల్లో, కుంటల్లో వదులుతారు. మన బోర్లలో పడే కఠిన జలం దీనికి చక్కగా సరిపడుతుంది. ఇంత గట్టి చేప కూడా కొన్న వారంలోనే చనిపోతున్నదంటే, చాలా ఇళ్లలో కారణం ఒకటే: తొట్టిని, చేపలను ఒకే రోజు కొని తెచ్చి, ఆ సాయంత్రమే నీటిలో వదిలేయడం.

అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టిలో సుమారు 40 లీటర్లు పడతాయి. అంతకంటే చిన్నది కొనకూడదు. గాలి పంపుతో నడిచే స్పాంజి ఫిల్టర్, మూత, కడిగిన సన్న గులకరాళ్లు చాలు. రంగు రాళ్లు వాడకూడదు. మునిసిపల్ నీటిలో క్లోరిన్ ఉంటుంది కనుక బకెట్లలో పట్టి, గాలి పంపు పెట్టి ఒక రోజంతా ఉంచాలి. శుభ్రమైనదన్న నమ్మకంతో తాగే క్యాన్ నీటిని తొట్టిలో పోసేవారు చాలామంది ఉన్నారు. ఆర్‌.ఓ. యంత్రం తీసివేసే లవణాలే గప్పీకి కావలసినవి, పైగా ఆ నీటిలో పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) నిలకడగా ఉండదు. కాబట్టి బోరు నీరు గానీ, పైన చెప్పినట్టు ఉంచిన మునిసిపల్ నీరు గానీ పోయాలి.

అసలు జాగ్రత్త పడవలసిన దశ ఇక్కడ మొదలవుతుంది. చేప మొప్పల నుంచి అమ్మోనియా వెలువడుతుంది. మిగిలిన మేత కుళ్లినా అదే పుడుతుంది. ఒక రకం బాక్టీరియా దానిని నైట్రైట్‌గా, మరొక రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ చేపకు విషాలు. మూడవది అంత ప్రమాదకరం కాదు, నీరు మార్చినప్పుడు తగ్గిపోతుంది. ఈ బాక్టీరియా స్పాంజిలో స్థిరపడడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. అన్నాళ్లూ చేప లేని తొట్టిలో ఫిల్టర్‌ను రాత్రింబగళ్లు నడుపుతూ, రోజూ చిటికెడు మేత వేయాలి. అది కుళ్లి పుట్టే అమ్మోనియాయే ఆ బాక్టీరియాకు ఆహారం.

రొయ్యల సాగు చేసేవారికి అమ్మోనియా గురించి కొత్తగా చెప్పవలసిన పని లేదు. పీహెచ్, ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ దానిలోని విషభాగం ఎక్కువవుతుంది కనుక, క్షారగుణం గల బోరు నీటిలో, రోహిణీ కార్తె ఎండల్లో కొద్దిపాటి అమ్మోనియా కూడా చేపను చంపగలదు. ఆక్వా దుకాణాల్లో దొరికే పరీక్ష కిట్టు ఉప్పునీటికే కాక మంచినీటికీ పనికివస్తుందో లేదో అడిగి తెచ్చుకోవాలి. అమ్మోనియా పెరిగి తగ్గాలి, తరువాత నైట్రైట్ పెరిగి తగ్గాలి. రెండూ సున్నాకు వచ్చి, నైట్రేట్ కనిపించిన తరువాతే చేపలను తేవాలి. నీరు తేటగా ఉన్నంత మాత్రాన సిద్ధమైనట్టు కాదు. విషపు నీరు కూడా అద్దంలాగే కనిపిస్తుంది. దుకాణదారులు ఇచ్చే రంగు మందు చుక్కలు ఈ పని చేయవు. ఆరోగ్యమైన చేపలున్న పాత తొట్టిలోని స్పాంజి ముక్క దొరికితే మాత్రం గడువు బాగా తగ్గుతుంది, నేను అన్నిటికంటే దానినే నమ్ముతాను.

మొదట 4 లేదా 5 మగచేపలనే తేవాలి. ఆడచేపలు నెలకొకసారి పిల్లలను పెడతాయి, తొట్టి త్వరలోనే కిక్కిరిసిపోతుంది. సంచిని 15 నిమిషాలు నీటిపై తేలనిచ్చి, తొట్టి నీటిని కొద్దికొద్దిగా అందులో కలిపి, చేపలను వలతో వదలాలి. రెండు నిమిషాల్లో తినగలిగినంత మేత రోజుకు ఒకసారి చాలు.

వారానికి పావు వంతు నీరు మార్చాలి. మొత్తం నీరు తీసి, తొట్టిని, ఫిల్టర్‌ను కుళాయి కింద కడిగే అలవాటు ఉన్నవారు ఆ బాక్టీరియాను తామే చంపుకొని మళ్లీ మొదటికి వస్తున్నారు. స్పాంజిని తొట్టి నుంచి తీసిన నీటిలోనే మెల్లగా పిండాలి. వేడినీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది కాబట్టి వేసవిలో కరెంటు పోయినప్పుడు నడపడానికి బ్యాటరీ గాలి పంపు ఒకటి తప్పక ఉంచుకోవాలి. గంటల తరబడి గాలి అందకపోతే చేపలతో పాటు స్పాంజిలోని బాక్టీరియా కూడా దెబ్బతింటుంది.