గీకకుండా లోహాన్ని చదవడం – 3వ పాఠం: నల్లటి త్సుబాలో బంగారం

పోయిన పాఠంలో ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం, అంటే ఎక్స్-కిరణాలు పంపి, తిరిగొచ్చే కిరణాల్ని బట్టి లోహంలో ఏ మూలకాలున్నాయో చెప్పేది, ఎలా పనిచేస్తుందో చూశాం. ఈసారి దాన్ని ఒక త్సుబా మీద పెడదాం. త్సుబా అంటే జపాన్ కత్తికి పిడికీ అలుగుకీ మధ్య ఉండే అడ్డుబిళ్ళ, అరచేతిలో ఇమిడిపోతుంది. ఎడో కాలం (1603–1868) నాటి వాటిలో కొన్ని నల్లగా, కాస్త ఊదా జిగితో ఉంటాయి. అది పూసిన రంగు కాదు, మురికీ కాదు. ఆ లోహం పేరు షకుడో: రాగిలో కొద్దిగా, చాలావరకు 3–5 శాతం, బంగారం కలుపుతారు. దానికి ముల్లంగి తురుము పట్టించి, రొకుషో అనే రాగి లవణం కలిపిన నీళ్ళలో ఉడికిస్తే ఆ నలుపు పుడుతుంది. ఆ పొర ఎంత పల్చనంటే, మెరుపు కోసం గుడ్డతో రుద్దారంటే పనివాడి కష్టమంతా తుడిచేసినట్టే. దయచేసి రుద్దకండి.

ముందు శుభ్రమైన రాగి రేకు మీద ఒక రీడింగ్ తీసి దాచుకోండి. తర్వాత త్సుబా మీద, పొదుగుడు పనికి దూరంగా, ఖాళీ నల్లటి చోట పెట్టండి. స్పెక్ట్రంలో, అంటే తిరిగొచ్చిన కిరణాల శక్తుల గ్రాఫులో, రాగి పీక్‌లు (శిఖరాలు) 8.05, 8.90 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, బంగారానివి 9.71, 11.44 దగ్గర వస్తాయి. 6.40 దగ్గర పెద్ద పీక్ ఒక్కటే లేచి, రాగి నామమాత్రంగా ఉంటే మీ చేతిలో ఉన్నది ఇనుప త్సుబా.

బంగారం కనబడగానే షకుడో అనేయకండి. పైన బంగారు పూత ఉన్నా అవే పీక్‌లు వస్తాయి. ఇక్కడే రాగి రేకు రీడింగ్ అక్కరకొస్తుంది. పూత కింద నుంచి వచ్చే రాగి కిరణాల్లో 8.05 వాటిని బంగారం ఎక్కువగా మింగేస్తుంది, 8.90 వాటిని తక్కువగా. కాబట్టి రేకుతో పోలిస్తే రెండో పీక్ మొదటిదాని పక్కన ఎత్తుగా కనిపిస్తే పూతని అనుమానించండి. నిష్పత్తి దాదాపు అలాగే ఉంటే బంగారం రాగిలో కరిగి ఉన్నట్టే. నాకు ఈ పద్ధతిలో నచ్చేది ఇదే: వస్తువుని తాకకుండానే లోపలి మాట తెలుస్తుంది.

ఇంకో చిక్కుంది. ఆర్సెనిక్ 10.54 దగ్గర, సీసం 10.55 దగ్గర ఒకదాని మీద ఒకటి పడతాయి. ఆర్సెనిక్ రెండో పీక్ 11.73 దగ్గర. షకుడోలో అది బంగారం గుట్టలో కలిసిపోతుంది, దాన్ని నమ్మలేం. సీసం రెండో పీక్ మాత్రం 12.61 దగ్గర విడిగా, దాని మొదటి పీక్‌కి దగ్గరి ఎత్తులోనే నిలబడుతుంది.

ఇంటి పని: ఒక షకుడో ముక్కలో 10.5 దగ్గర స్పష్టమైన పీక్ ఉంది, 12.6 దగ్గర ఏమీ లేదు. అందులో ఉన్నది ఏది? జవాబుతో పాటు కారణం కూడా రెండు వాక్యాల్లో రాసి పెట్టుకోండి. వచ్చే పాఠంలో న్యూట్రాన్లతో అలుగులోకి వెళ్దాం.