చెన్నైలో ఉండి ఓడియన్ హాళ్ల చరిత్ర రాయడం ఎలా

సినిమాహాళ్ల సంస్థ ఒకటి ఎలా ఎదిగిందో, ఎలా దిగజారిందో రాయదలచినవారు ముందుగా ఒక ప్రశ్నకు జవాబు తేల్చుకోవాలి: దిగజారినది ఏమిటి? బ్రిటన్‌లోని ఓడియన్ విషయంలో ఈ ప్రశ్న వేసుకోకుండా మొదలుపెడితే వ్యాసం తొలి పేజీలోనే తడబడుతుంది. ఓడియన్ అనే పేరు లండన్‌లో నేటికీ ఉంది. 2016లో అమెరికాకు చెందిన ఏఎంసీ సంస్థ దానిని కొనుక్కుంది. పోయినవి 1930లలో కట్టిన ఒంటి తెర హాళ్లలో అత్యధిక భాగం, వాటిని వారం వారం నింపిన ప్రేక్షకులు. అందుచేత నోటుపుస్తకంలో పేరు, భవనం, యజమాని, ప్రేక్షకుడు అని నాలుగు గడులు గీసుకుని, ప్రతి సంవత్సరానికి ఎదురుగా ఏ గడిలో మార్పు వచ్చిందో రాసుకుంటూ పొండి. ఈ పని విసుగ్గా ఉంటుంది గాని, దీన్ని దాటవేసినవారి వ్యాసాల్లో యజమాని మారిన సంగతి, జనం తగ్గిన సంగతి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

ఎదుగుదల రాసేటప్పుడు ఓడియన్ స్థాపకుడు ఆస్కర్ డాయిష్ జీవితం దగ్గర ఆరంభించవచ్చు కాని అక్కడే ఆగిపోకూడదు. ఆయన 1893లో బర్మింగ్‌హామ్‌లో పుట్టాడు. హంగరీ నుంచి వచ్చిన యూదు కుటుంబం వారిది, తండ్రిది పాత ఇనుము వ్యాపారం. 1928లో బ్రయర్లీ హిల్‌లో ఒక హాలు తెరిచాడు. ఓడియన్ పేరుతో తొలి హాలు 1930లో పెర్రీ బార్‌లో వెలిసింది. 1930ల చివరికి వాటి సంఖ్య సుమారు 250కి చేరింది. ఇంత వేగం ఎలా సాధ్యమైందన్నదే ఇక్కడ మీరు విడమరచి చెప్పవలసిన విషయం. పాత హాళ్లను కొనడం మీదకన్నా, నగరాల అంచున కొత్తగా ఇళ్లు లేచిన ప్రాంతాల్లో, పెద్ద రోడ్లు కలిసే మలుపుల్లో స్థలం చూసి కొత్తవి కట్టించడం మీద ఆయన ఎక్కువ దృష్టి పెట్టాడు. తరచుగా ఒక్కొక్క హాలుకు విడిగా ఒక కంపెనీ పెట్టి, ఆ ఊరివారి పెట్టుబడిని కూడా అందులోకి తెచ్చాడు.

ఆ తరవాత ఒకే ఒక్క హాలును ఎన్నుకుని, దాన్ని కళ్లకు కట్టేలా వర్ణించండి. బర్మింగ్‌హామ్‌లోని కింగ్‌స్టాండింగ్ ఓడియన్ ఇందుకు అన్ని విధాలా తగినది. వాస్తుశిల్పి హ్యారీ వీడన్ కార్యాలయంలో పనిచేసిన సెసిల్ క్లావరింగ్ దాని నమూనా గీశాడు. 1935లో అది తెరుచుకుంది. సీట్లు దాదాపు 1,300. ద్వారం పైన నిలువుగా లేచిన మూడు సన్నని పలకలు, గోడలకు మీగడ రంగు పింగాణీ బిళ్లలు, రాత్రిపూట దూరం నుంచే కనిపించే పేరు ఉండేవి. వానకు, బొగ్గు పొగకు నల్లబడే ఊళ్లలో కడిగితే శుభ్రపడే బిళ్లల గోడ ఆ సంస్థకు ముఖచిత్రమైంది. లోపలి అలంకరణ బాధ్యత డాయిష్ భార్య లిలీ చూసుకున్నారు. అప్పటి ఓడియన్ హాళ్లను జాన్ మాల్ట్‌బీ అనే ఫొటోగ్రాఫర్ వరసగా తీసిన చిత్రాలను ఇంగ్లండ్ వారసత్వ కట్టడాల సంస్థ భద్రపరచింది. వాటిలో కొన్నింటిని పక్కపక్కన పెట్టుకుని చూడండి. 1937 నవంబరు 2న లండన్ లెస్టర్ స్క్వేర్‌లో తెరిచిన హాలు, నల్ల గ్రానైట్ ముఖభాగంతో, 120 అడుగుల బురుజుతో, ఈ కుటుంబంలోదే అయినా వేరే తరహాది. అందరూ దాని గురించే రాస్తారు కాబట్టి మీరు క్లుప్తంగా ప్రస్తావిస్తే చాలు.

హాలు ఉన్నంత మాత్రాన బొమ్మ దొరకదు. డిస్ట్రిబ్యూటర్‌కూ ఎగ్జిబిటర్‌కూ ఉన్న సంబంధం తెలియకుండా ఈ చరిత్ర అర్థం కాదు. ఏబీసీ, గామాంట్ అనే పోటీ సంస్థలకు అప్పటికే పెద్ద కంపెనీల చిత్రాలు అందుతుండగా, ఓడియన్ అమెరికా చిత్ర సంస్థ యునైటెడ్ ఆర్టిస్ట్స్‌తో పొత్తు పెట్టుకుని నిలదొక్కుకుంది. 1941 డిసెంబరులో డాయిష్ మరణించాక సంస్థ పిండిమిల్లుల యజమాని జె. ఆర్థర్ ర్యాంక్ చేతికి వచ్చింది. అదే ఏడాది గామాంట్ కూడా ఆయన అధీనంలోకి వచ్చింది. ఈ యజమాని గడిని జాగ్రత్తగా పూరించండి, తరవాతి సగం కథ అందులోనే ఉంది.

ఇక పతనం గురించి. టీవీ వచ్చింది, హాళ్లు పోయాయి అని ఒక్క వాక్యంలో తేల్చేయడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. లెక్కలు చూడండి: బ్రిటన్‌లో 1946లో 163.5 కోట్ల టికెట్లు తెగాయి. 1950కల్లా అది సుమారు 139.6 కోట్లకు పడిపోయింది. ఆనాటికి దేశంలో టీవీ లైసెన్సులు కొన్ని లక్షలు మాత్రమే. అంటే టీవీ ఇంటింటికీ చేరకముందే జారుడు మొదలైంది. యుద్ధకాలంలో వేరే వినోదం లేక కిక్కిరిసిన జనం శాంతికాలంలో మరోవైపు మళ్లారు. పాత పేటల నుంచి కొత్త కాలనీలకు వెళ్లినవారికి హాలు దూరమైంది. టికెట్ల మీద వినోదపు పన్ను భారం 1960లో రద్దయ్యేదాకా కొనసాగింది. 1955లో వాణిజ్య టీవీ వచ్చాక మాత్రం వేగం పెరిగింది: 1957లో 91.5 కోట్లు, 1960లో 50 కోట్లు. ఈ అంకెలను రెండు భాగాలుగా విడదీసి చూపితే, టీవీ పాత్ర ఎంతో, ఇతర కారణాల పాత్ర ఎంతో పాఠకుడే చూసుకుంటాడు.

యజమాని నిర్ణయాలకు కూడా ఇంతే చోటివ్వాలి. 1958 ప్రాంతంలో ర్యాంక్ సంస్థ ఓడియన్, గామాంట్ హాళ్లలో మేలైనవాటిని ఒక జట్టుగా చేసి మంచి చిత్రాలు వాటికిచ్చింది. మిగిలిన హాళ్లు బలహీనమైన చిత్రాలతో నెట్టుకురాలేక మూతపడ్డాయి. 1960 నాటి జూద చట్టం తరవాత అనేక హాళ్లు బింగో (అంకెల జూదం) క్లబ్బులయ్యాయి. కింగ్‌స్టాండింగ్‌కూ అదే గతి పట్టింది. 1956లో జిరాక్స్‌తో కలిసి పెట్టిన కంపెనీ లాభాలు కురిపిస్తుంటే, సినిమాహాళ్ల మీద డబ్బు పెట్టాలన్న ఆసక్తి ర్యాంక్‌కు సన్నగిల్లింది. 1970లలో పెద్ద హాళ్లను ముక్కలు చేశారు. బాల్కనీ అంచు నుంచి కిందికి గోడ దించి, దాని కింది చీకటి జాగాలో రెండు చిన్న హాళ్లు ఇరికించారు. బాల్కనీలో కూర్చున్నవారికి మాత్రం పాత తెర అలాగే మిగిలింది. పక్క హాలులోని మాటలు గోడ దాటి వినిపించేవి. 1984లో టికెట్ల సంఖ్య 5.4 కోట్లకు దిగింది. మరుసటి ఏడాది మిల్టన్ కీన్స్‌లో పది తెరల మల్టీప్లెక్స్ వచ్చాక జనం మళ్లీ పెరిగారు కాని, వారు వచ్చింది కొత్తగా కట్టిన చోట్లకు.

చెన్నైలో ఉన్నవారికి ఒక సౌలభ్యం ఉంది: పోల్చి చూడడానికి సామగ్రి మన ఊళ్లోనే ఉంది. మచిలీపట్నంలో పుట్టి మద్రాసులో ఫొటోగ్రాఫర్‌గా స్థిరపడిన రఘుపతి వెంకయ్యగారు 1914లో మౌంట్ రోడ్డు ప్రాంతంలో గెయిటీ హాలు కట్టారు; తరవాత క్రౌన్, గ్లోబ్ హాళ్లు కూడా నెలకొల్పారు. సినిమా విద్య నేర్చుకోమని కుమారుడు ప్రకాశ్‌ను లండన్ పంపారు. వెంకయ్యగారు పోయింది కూడా 1941లోనే. డాయిష్ కన్నా ముందే ఒక తెలుగువాడు ఈ పట్నంలో ఒకటికి మించి హాళ్లు నడిపాడన్న సంగతి మన వ్యాసాల్లో తగినంతగా రావడం లేదన్నది నా బాధ. అలాగే 1964లో తెరిచిన సఫైర్ ప్రాంగణంలో సఫైర్, బ్లూ డైమండ్, ఎమరాల్డ్ అనే మూడు హాళ్లు మొదటి నుంచీ మూడుగానే కట్టారు; బ్లూ డైమండ్‌లో ఆటలు ఆగకుండా నడిచేవి కాబట్టి ప్రేక్షకుడు ఎప్పుడైనా లోపలికి వెళ్లవచ్చు. ఓడియన్ హాళ్లు దశాబ్దాల తరవాత గోడలు దించుకుని చేరిన స్థితికి, ఈ ఆలోచనకు తేడా ఏమిటో రాయండి.

ఆధారాల కోసం ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయంలో పాత పత్రికల సినిమా ప్రకటనలు అడగండి. బ్రిటిష్ హాళ్ల యజమానుల పేర్లు, సీట్ల సంఖ్యలు ఏటేటా అచ్చయిన కైనమటోగ్రాఫ్ ఇయర్ బుక్ సంపుటాలు అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతాయి. తరవాత నగరంలో ప్రొజెక్షన్ గదుల్లో పనిచేసి రిటైరైన పెద్దలను కలవండి. వారు తెలుగువారైతే బాబాయ్‌గారూ అని, తమిళులైతే అయ్యా అని పలకరించి, పతనం గురించి నేరుగా అడగకుండా, సెకండ్ షో ఎప్పటి నుంచి పలచబడింది, క్యాంటీన్ కాంట్రాక్టు ఎప్పుడు ఎవరూ తీసుకోలేదు, ప్రొజెక్టర్‌లో వెలుగు కోసం వాడిన కార్బన్ కడ్డీలు మానేసి దీపం ఎప్పుడు మార్చారు అని అడగండి. తేదీ చెప్పలేకపోతే అప్పుడు ఆడుతున్న బొమ్మ పేరు అడగండి. దాని విడుదల తేదీని పత్రికలో చూసి సరిపోల్చుకోవచ్చు. వారు చెప్పినది ఓడియన్ భాగంలో కలపకుండా వేరే అధ్యాయంగా ఉంచి, ఆ గడులనే అక్కడ కూడా పూరించండి.