హైదరాబాద్ నుంచి వెళ్లి దేవయాని గెలాక్సీని కళ్లారా చూడాలంటే

టెలిస్కోప్ కొనకండి, ముందే చెబుతున్నా. దేవయాని, అదే ఆండ్రోమెడా గెలాక్సీ, చీకటి ఆకాశంలో ఉత్త కంటికే కనిపిస్తుంది. మనకి 25 లక్షల కాంతి సంవత్సరాల దూరం. సెకనుకి 3 లక్షల కిలోమీటర్లు పరిగెత్తే వెలుగుకే అక్కణ్ణుంచి రావడానికి 25 లక్షల ఏళ్లు పట్టిందంటే, ఈ రాత్రి మీ కంట్లో పడేది భూమ్మీద మనలాంటి మనుషులు ఇంకా పుట్టకముందు బయల్దేరిన వెలుగు!

అమీర్‌పేట, కూకట్‌పల్లి డాబాల మీంచి మాత్రం ఆశ పెట్టుకోవద్దు. వికారాబాద్ దాటి అనంతగిరి వైపు లైట్లు లేని ఫామ్‌హౌస్ ఏదైనా చూసుకోండి, రాత్రిపూట అడవిలోకి వద్దు. నవంబర్, డిసెంబర్‌లలో అమావాస్యకి అటూ ఇటూ మూడు రోజులు మంచివి, దీపావళి మాత్రం వదిలేయండి, అంతా పొగే. చీకటి పడేసరికి దేవయాని తూర్పు వైపు ఉంటుంది, అక్కణ్ణుంచి తూర్పంటే హైదరాబాదే, సిటీ వెలుతురు ఆకాశంలోకి ఎగజిమ్ముతుంటుంది కాబట్టి తొందరపడకుండా అది పైకి ఎక్కేదాకా, నవంబర్ మధ్యలో అయితే రాత్రి తొమ్మిది దాకా ఆగండి.

ఫోన్ జేబులో పెట్టేయండి. కళ్లు చీకటికి అలవాటు పడటానికి అరగంట పడుతుంది, మధ్యలో ఒక్కసారి వాట్సాప్ తెరిచారా, మళ్లీ మొదటికే.

ఉత్తరానికి తిరిగి బాగా తలెత్తితే నాలుగు చుక్కల పెద్ద చతురస్రం కనిపిస్తుంది. మన పూర్వాభాద్ర, ఉత్తరాభాద్రలవే ఆ నాలుగూ. దాని ఈశాన్య మూల నుంచి కుడివైపు కిందికి రండి, ఒక మసక చుక్క దాటాక మిరాక్ అనే మెరిసే చుక్క తగులుతుంది. అక్కడ ఎడమకి, కింద ‘ఎమ్’ ఆకారంలో ఉన్న శర్మిష్ఠ (కాసియోపియా) అనే చుక్కల గుంపు వైపు మళ్లి, రెండు చిన్న చుక్కలు దాటగానే పక్కనే చిన్న మబ్బు తునకలా దేవయాని ఉంటుంది. సూటిగా చూస్తే మాయమైపోతుంది, చూపు కాస్త పక్కకి పెట్టండి. 10×50 బైనాక్యులర్ ఉంటే ఇంకా స్పష్టం.

ఫొటోల్లోని రంగులు మాత్రం కనబడవు, అవి కెమెరా గంటలకొద్దీ పోగుచేసుకున్న వెలుగు. నాకైతే ఈ మసకే అందం. పోయిన కార్తీక అమావాస్యకి అమ్మని తీసుకెళ్తే చాలాసేపు వెతికి, దొరకగానే నా మోచెయ్యి పట్టుకుని, “ఆవిరి పట్టిన అద్దం మీద వేలు ఆనించినట్టుంది రా” అంది. అందులో లక్ష కోట్ల దాకా నక్షత్రాలు ఉంటాయని చెప్పాను. ఇంకేం మాట్లాడలేదు, పమిట భుజాల చుట్టూ కప్పుకుని మళ్లీ తలెత్తింది.