ఎంబెడెడ్ ఫిగర్స్: దాక్కున్న బొమ్మను పట్టుకోవడం ఎలా?

పోటీ పరీక్షల్లో మాటలకు బదులు బొమ్మలతో అడిగే నాన్ వెర్బల్ రీజనింగ్‌లో ఎంబెడెడ్ ఫిగర్స్ ప్రశ్న, అంటే పెద్ద బొమ్మలో దాగిన చిన్న బొమ్మను కనిపెట్టే ప్రశ్న, రాగానే చాలామంది చేసే పని ఒకటే. ప్రశ్న బొమ్మను కళ్లప్పగించి చూస్తారు, తర్వాత నాలుగు ఆప్షన్లనూ అలాగే చూస్తారు. ఎక్కడో ఒకచోట అదే తళుక్కుమంటుందని ఆశ. అనకపోతే టెన్షన్. ఆ టెన్షన్‌లో ఏదో ఒకదానికి టిక్కు. ఏళ్ల తరబడి ఈ ప్రశ్నలు చేయిస్తున్నాను. ఈ చూపుల పద్ధతి మాన్పించడానికే నాకు సగం టైమ్ పోతోంది.

చూస్తూ కూర్చుంటే కనపడదని నేను ఒక్కడినే అనడం లేదు. జర్మన్ మనస్తత్వవేత్త కర్ట్ గాట్‌షాల్ట్ 1926లోనే దీన్ని పరీక్షించి చూశాడు. ఒక చిన్న బొమ్మను కొందరికి 3 సార్లు, ఇంకొందరికి 520 సార్లు చూపించాడు. తర్వాత ఆ బొమ్మ దాగి ఉన్న పెద్ద బొమ్మలను వాళ్ల ముందు పెట్టాడు. 520 సార్లు చూసినవాళ్లకు పెద్దగా ఒరిగిందేమీ లేదు. కాబట్టి బొమ్మను బట్టీ పట్టే పని మానేయండి.

కావలసినవి పెన్సిల్, రఫ్ షీట్. పెన్ను వద్దు. ట్రేసింగ్ పేపర్ పెట్టుకుని ప్రాక్టీస్ చేసేవాళ్లూ ఉన్నారు. పరీక్ష హాల్లో అది ఉండదు కదా, ఇంట్లో అలవాటు చేసుకుని ఏం లాభం?

1. ముందు ప్రశ్న చదవండి. చిన్న బొమ్మ ఇచ్చి అది ఏ ఆప్షన్‌లో దాగుందో అడిగారా, పెద్ద బొమ్మ ఇచ్చి అందులో ఏ ఆప్షన్ దాగుందో అడిగారా చూసుకోండి. తిప్పవచ్చని ప్రశ్నలో రాయకపోతే బొమ్మను తిప్పకూడదు. కాగితాన్నీ తిప్పకండి, తలా వంచకండి.

2. ప్రశ్న బొమ్మలో గీతలు లెక్కపెట్టండి. నిలువు ఎన్ని, అడ్డం ఎన్ని, ఏటవాలు ఎన్ని, వంపు ఉందా. ఐదారు సెకన్ల పని.

3. కుదరని ఆప్షన్లు కొట్టేయండి. ప్రశ్న బొమ్మలో అర్ధవృత్తం ఉంటే, వంపే లేని ఆప్షన్ పోయినట్టే. కుడివైపు పైనుంచి ఎడమవైపు కిందికి దిగే గీత ఉంటే, ఆ వాలు లేని ఆప్షన్ కూడా పోయినట్టే. ఆప్షన్లను ఎప్పుడూ నాలుగో దాని నుంచి వెనక్కి చూసుకుంటూ రావాలి. మొదటి దాని నుంచి మొదలుపెట్టేవాళ్లు రెండో దానిలోనే ఏదో పోలిక చూసి ఆగిపోతారు.

4. మిగిలిన ఆప్షన్లలో గీత పట్టుకుని నడవండి. అందరూ బోల్తా పడేది ఇక్కడే.

నడక ఎక్కడ మొదలుపెట్టాలి? ప్రశ్న బొమ్మలో అన్నిటికంటే వింతగా ఉన్న మూల దగ్గర. లంబకోణాలు ప్రతి బొమ్మలోనూ పది ఉంటాయి, వాటి వెంట పడితే తిరుగుతూనే ఉంటారు. బాగా ఇరుకైన కోణమో, తోకలా బయటికి వచ్చిన గీతో, వంపూ గీతా కలిసే చోటో చూసుకోండి. అలాంటి మూల ఆప్షన్‌లో ఎక్కడుందో వెతికి పెన్సిల్ అక్కడ ఆనించండి. బయటి అంచు నుంచి మొదలుపెట్టమని చెప్పేవాళ్లున్నారు. బొమ్మను దాచేవాడు దాని చుట్టూ కొత్త గీతలు కలుపుతాడు, అప్పుడు కనిపించే అంచు మీ బొమ్మది కానే కాదు. దాని వెంట నడిచి ఏం దొరుకుతుంది?

ఇక నడక. రెండు గీతలు ఒకదాన్నొకటి దాటే చోట మన కన్ను తిన్నగా ముందుకే పోతుంది, మలుపు తిరగదు. గీత సాఫీగా ఎటు సాగితే కన్ను అటే పోతుందని మనస్తత్వవేత్త మాక్స్ వెర్తైమర్ 1923లోనే రాశాడు. ప్రశ్న తయారుచేసేవాడి ధైర్యం కూడా అదే. మీ బొమ్మలోని గీతను రెండు వైపులా పొడిగించి వదిలేస్తాడు. అందుకని ఆప్షన్‌లో గీత ఎక్కడ ముగిసిందో చూడకండి. ప్రశ్న బొమ్మలో ఆ గీత ఎంత పొడవుందో అంత దూరమే నడిచి ఆగండి. అక్కడి నుంచి రెండో గీత బయలుదేరుతోందా? ఉంటే మలుపు తిరగండి. ఉన్న గీత ఇంకా ముందుకు పోతున్నా, అడ్డంగా నాలుగు గీతలు పోతున్నా మనకు అనవసరం. అదనపు గీతలు ఎన్నున్నా పర్వాలేదు, కావలసిన గీత ఇసుమంత తగ్గినా కుదరదు.

రఫ్ షీట్ మీద ఒకసారి చేసి చూడండి. చతురస్రం గీసి రెండు ఐమూల గీతలూ గీయండి. డబ్బాలో ఇంటూ మార్కు కనిపిస్తుంది, లేకపోతే నాలుగు త్రిభుజాలు. ఇప్పుడు ఇందులో ఇంగ్లిష్ జెడ్ అక్షరాన్ని పట్టుకోండి. పై గీత మీద ఎడమ నుంచి కుడికి వెళ్లండి. మూలకు రాగానే కన్ను నిలువు గీత మీద కిందికి జారబోతుంది. జారనివ్వకండి, ఐమూల గీత మీదికి తిరగండి. మధ్యలో రెండో ఐమూల గీత అడ్డం వస్తుంది, దాటిపోండి. కింద ఎడమ మూలకు చేరి, మళ్లీ కుడికి. జెడ్ వచ్చేసింది.

ఇప్పుడు మీరు నడిచిన ఆ ఐమూల గీతను చెరిపేయండి, రెండోది మాత్రం ఉంచండి. జెడ్ ఉందా? ఉందనే అంటారు చాలామంది. పెన్సిల్ పెట్టి చూపించమంటే పై గీత చివర ఆగిపోతారు, అక్కడ ఏటవాలు గీతే లేదు. వాళ్లు చూసింది అద్దంలో కనిపించే జెడ్‌ను, లేకపోతే పక్కకు తిప్పితే వచ్చే ఎన్ అక్షరాన్ని. ఆ చతురస్రంలో రెండూ ఉన్నాయి, అడిగినది మాత్రం లేదు. నేనూ ఒక పరీక్షలో అద్దం బొమ్మకే టిక్కు పెట్టి, బయటికొచ్చి అందరికీ అదే జవాబని చెప్పాను.

ఇంకో ఎర కూడా ఉంటుంది. ఐమూల గీతలు రెండూ ఉంచి, కింది గీతను ఎడమ నుంచి సగం వరకే గీస్తారు. రెండు గీతలు కుదిరాయి కదా అని మూడోది చూడకుండా టిక్కు పెడతారు. చివరి గీత చివరిదాకా నడిచాకే టిక్కు.

పెద్ద బొమ్మ ఇచ్చి, చిన్నవి ఆప్షన్లుగా ఇస్తే కొట్టివేతతో అంతగా ఫలితం ఉండదు. పెద్ద బొమ్మలో అన్ని వాలుల గీతలూ ఉంటాయి. అప్పుడు ఒక్కో ఆప్షన్‌లో వింత మూలను పట్టుకుని నేరుగా నాలుగో మెట్టుకు వెళ్లండి. నిమిషం దాటినా దొరకకపోతే ప్రశ్న నంబరుకు చుట్టూ సున్నా చుట్టి ముందుకెళ్లండి. తిరిగి వచ్చినప్పుడు పాత మూల జోలికి పోకుండా ఇంకో మూల నుంచి మొదలుపెట్టండి.